అబీసు, అరియా

పంతొమ్మిదేళ్ళు నేను శ్రీరామ్మూర్తి చేతి మీద బతికాను. నేను రేవులో క్రేన్ ఆపరేటర్ని, అతను కింద నిలబడే సిగ్నల్ మాన్. నా పేరు సీతారామాంజనేయులు. రేవులో అంత పేరు పిలిచే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి ఆంజనేలు అన్నారు. పైన గదిలో కూర్చున్నవాడికి కొక్కేనికి కింద ఏం వేలాడుతోందో సరిగా కనపడదు. కిందవాడు చెయ్యి పైకి చూపించి 'అబీసు' అంటే ఎత్తాలి, కిందికి చూపించి 'అరియా' అంటే దించాలి. ఏ దేశపు నావికులు ఈ మాటలు మా రేవులో పారేసి పోయారో నాకు తెలీదు. మాకు మాత్రం పైకీ కిందికీ వేరే మాటలు లేవు. ఇంట్లో మా ఆవిడ గౌరీశ్వరిని అటక మీంచి బిందె దించమన్నా 'అరియా' అనే అనేవాణ్ణి.

2009 ఆగస్టులో పాత క్రేన్ తీసేసి నన్ను కొత్తదాని మీద కూర్చోబెట్టారు. మూడో వారంలో ప్రమాదం జరిగింది. ఇనప రేకుల చుట్ట ఒకటి నేలకి జానెడు ఎత్తులో వేలాడుతోంది. ఖలాసీ సూరన్న దాని కిందికి చెక్క దుంగ తోస్తున్నాడు. చుట్ట ఇంకొంచెం పైకి లేవాలి. అది కిందికి దిగింది. సూరన్న కుడి పాదంలో సగం పోయింది.

విచారణలో నన్ను అడిగారు. "నాకు అరియా అందింది, దించాను" అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు లేశమాత్రం అనిపించలేదు. శ్రీరామ్మూర్తిని అడిగితే అతను తన చేతివంక కాసేపు చూసుకుని, "ఆంజనేలు అలాగన్నాడంటే నాను అరియాయే సూపించేసుంతాను బాబూ" అన్నాడు. అంతే, విచారణ అయిపోయింది. ఆస్పత్రిలో ఉన్న సూరన్నని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

శ్రీరామ్మూర్తి అంతటివాడు తప్పు చెయ్యి చూపించాడా అని రేవంతా ముక్కున వేలేసుకుంది. అతన్ని సిగ్నల్ పనినించి తప్పించి గేటు దగ్గర లారీ నంబర్లు రాసుకునే కుర్చీలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా పదకొండేళ్ళు అక్కడే ఉన్నాడు. నేను మాత్రం అతనితో మాట్లాడ్డం మానలేదు. పైగా అతన్ని క్షమించాను. నా పెద్దమనసుకి నేనే మురిసిపోయేవాణ్ణి కూడా.

ఇప్పుడు రేడియో సంగతి చెప్పాలి, ఎందుకంటే పదహారేళ్ళ తర్వాత నా నోరు మూయించింది అదే.

రిటైరయ్యాక నాకు అమెచ్యూర్ రేడియో పిచ్చి పట్టింది. మాట్లాడే పిచ్చి కాదు, వినే పిచ్చి. ప్రపంచంలో ఏ మూల ఎవరు మాట్లాడుతున్నా పట్టుకుని, టైము వేసి, పుస్తకంలో రాసుకోవడం. చేపలు పట్టేవాడికి వల ఎలాగో నాకు ఏరియల్ అలాగ. కానీ నా ఇల్లు మల్కాపురంలో. చుట్టూ రిఫైనరీ మోటార్లు, వెల్డింగు షాపులు, ఇంటింటికీ ఇన్వర్టర్లు, చవక ఎల్ఈడీ బల్బులు. రేడియో పెడితే పప్పుకి పోపు పెట్టినట్టు చిటపటలు తప్ప ఏమీ వినపడదు.

కిందటేడు ఒక కబురు తెలిసింది. దక్షిణ మహాసముద్రంలో మనుషుల్లేని ఒక దీవికి కొంతమంది రేడియోవాళ్ళు వెళ్తున్నారు. పదిరోజులు అక్కణ్ణించి మాట్లాడి వచ్చేస్తారు. అంతకుముందు అక్కడికి ఎవరైనా వెళ్ళినప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. ఇంకోసారి వెళ్ళేటప్పటికి నేను ఉండను. ఆ దీవిని ఒక్కసారి, ఒక్క నిమిషం వినాలి. అందుకు చప్పుడు లేని చోటు కావాలి.

పద్మనాభం ఊళ్ళో శ్రీరామ్మూర్తికి వరిపొలం ఉంది, పొలంలో మోటారు షెడ్డు ఉంది. అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు.

"నీకు గావాలంటే పొలమంతా తీగలు కట్టీసుకో బావ. నా వొడ్లకి అడ్డం రాకపోతే సాలు" అన్నాడు.

రేడియోని అతని షెడ్డులో పెట్టాను. అది విన్నదంతా ఇంటర్నెట్ మీద మల్కాపురంలో నా చెవికి వస్తుంది. ఏరియల్స్ రెండు వేశాను. ఒకటి ముప్పై అడుగుల నిలువు పైపు. రెండోది గట్టు వెంబడి నడుమెత్తు కర్రల మీద నూటయాభై మీటర్లు లాగిన తీగ. ఒక్కో దిక్కుకీ ఒక్కో వేళకీ వీటిలో ఏదో ఒకటే బాగా పనిచేస్తుంది. రేడియోకి ఒక్కటే చెవి కాబట్టి మల్కాపురంలో కూర్చుని దానికి కావలసిన ఏరియల్ని తగిలించే స్విచ్చి ఒకటి కావాలి. అది నేనే తయారుచేశాను.

పెద్ద విద్యేమీ కాదు. వాన తగలని ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు రిలేలు. రిలే అంటే కరెంటు పంపితే టక్కుమని అటోఇటో తిరిగే చిన్న మీట. వాటికి ఆజ్ఞలిచ్చే బోర్డు, ఆ బోర్డులో ఒక సిమ్ము. ఏ ఏరియల్ తగిలిందో చూపించే చిన్న దీపాలు రెండు డబ్బా మూతకి పెట్టాను. తీగలు దూర్చిన కన్నాలు ఎంసీల్‌తో మూసేశాను, లేకపోతే గండుచీమలు కాపురం పెడతాయి. నా ఫోనులో రెండు బొత్తాలు గీశాను, ఒకదాని మీద ఒకటి. వాటికి వేరే పేర్లెందుకని, పైపుకి 'అబీసు', తీగకి 'అరియా' అని పెట్టాను. బొత్తాల వరస క్రేన్ మీట వరసే. నా చివరి క్రేన్లో మీట ముందుకి తోస్తే దిగేది, వెనక్కి లాగితే లేచేది. అందుకని పైన అరియా, కింద అబీసు. నా పనితనానికి గుర్తుగా ఉంటుందని సంబరపడ్డాను.

డబ్బా నేను చేసిచ్చాను. పొలంలో తగిలించింది శ్రీరామ్మూర్తి. నా మోకాళ్ళు గట్లెక్కే స్థితిలో లేవు. ఏ వైరు ఎక్కడో నేను ఫోనులో చెప్పాను, అతను బిగించాడు. ఆ రోజు పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. బొత్తాం నేను చూసి నొక్కాను, దీపం అతను చూసి చెప్పాడు.

తర్వాత తిక్క మొదలైంది. సాయంత్రం ఆరుగంటలకి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని తీగ మీద వింటుంటాను. సన్నగా ఉన్న గొంతు ఏదైనా తగిలితే పైపు మీద బాగుంటుందేమోనని బొత్తాం నొక్కుతాను. గొంతు ఏమాత్రం పెరగదు. మళ్ళీ నొక్కుతాను, మారదు. వెంటనే శ్రీరామ్మూర్తికి ఫోను.

"బావ, ఏ దీపం ఎలుగుతంది?"

"అరియా దీపం బావ."

"నాను అబీసు నొక్కినాను! నువ్వు వైర్లు తారుమారు సేసీసావు."

"నా వల్లే అయ్యుంతాది బావ. మల్లీ సూత్తాను ఉండు."

ఎన్నిసార్లు అన్నా ఇదే జవాబు. ఎదురు తిరిగేవాడు కాదు. టార్చి పట్టుకుని వెళ్ళి, మూత విప్పి, వైర్లన్నీ ఊడదీసి, నేను చెప్పింది రాసుకున్న కాగితం చూసుకుంటూ మళ్ళీ బిగించేవాడు. మర్నాడు నేను చూసి నొక్కితే సరిగా ఉండేది. సాయంత్రం మళ్ళీ అదే గోల. రెండు వారాల్లో నాలుగుసార్లు విప్పి బిగించాడు. నాలుగోసారి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీ సెయ్యి ఎప్పుడూ ఇంతే బావ. ఎత్తమంటే దించుతాది" అన్నాను.

"అవును బావ" అన్నాడు శ్రీరామ్మూర్తి.

వంటింట్లోంచి గౌరీశ్వరి విన్నది. ఫోను పెట్టేశాక వచ్చి, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట ఎనకటికెవడో. ఆ మాట ఆయన్ని అనడానికి మీకు నోరెలాగొచ్చిందండీ?" అంది. నేను ఆవిడ మీద కూడా అరిచాను. అరవడంలో నేను ఎప్పుడూ వెనకాడలేదు.

శ్రీరామ్మూర్తి తప్పు రుజువు చెయ్యాలని పట్టుదల వచ్చింది. డబ్బాకి కొత్త ప్రోగ్రాం పంపించాను. నా దగ్గర్నించి ఏ ఆజ్ఞ అందినా టైముతో సహా రాసిపెట్టుకోమని దానికి చెప్పాను. అబీసు అందినట్టు రాసుండి అరియా దీపం వెలిగితే వైర్ల తప్పు. అప్పుడు శ్రీరామ్మూర్తికి చూపించి నోరు మూయించాలని. నోరెత్తని మనిషికి నోరు మూయించడమేమిటో అప్పుడు నాకు తట్టలేదు.

దీవి వాళ్ళు మాట్లాడ్డం మొదలుపెట్టారు. మొదటి ఎనిమిది రోజులు నాకు ఏమీ దొరకలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం ఆరు దాటాక, హోరులోంచి ఒక మగ గొంతు దీవి పేరు చెప్పడం వినపడింది, లీలగా, సగం పేరే. పుస్తకంలో రాయడానికి అది చాలదు. అబీసు నొక్కాను. గొంతు పెరగలేదు. ఇంకోసారి నొక్కాను, ఇంకోసారి. పదినిమిషాల్లో పొద్దు వాలిపోయింది, దాంతో దీవీ వెళ్ళిపోయింది. ఇక మర్నాడు ఉదయం ఒక్కటే మిగిలింది, ఆరుగంటల వేళ ఓ అరగంట.

కోపంతో డబ్బా రాసుకున్న చిట్టా తెరిచాను. ఆరుగంటల ఎనిమిది నిమిషాలకి: అరియా. తొమ్మిదికి: అరియా. పదకొండుకి: అరియా. అబీసన్న మాటే లేదు.

బోర్డు చెడిపోయిందనుకున్నాను. గౌరీశ్వరిని పిలిచాను. "ఇలా కూర్చో. నువ్వు అబీసు, అరియా అని నీకు తోచినట్టు అంటూండు. నాను నొక్కుతాను. ఏ బొత్తాం నొక్కితే ఏది పోతందో సూద్దాం" అన్నాను. వినేటప్పుడు ఎలా కూర్చుంటానో అలాగే, కళ్ళు మూసుకుని ఫోను పట్టుకున్నాను. హెడ్‌ఫోన్ మాత్రం పెట్టుకోలేదు, ఆవిడ మాట వినపడాలిగా.

"అబీసు" అంది.

నొక్కాను. "సూడు, ఏది పోయిందో!"

"అరియా పోయింది. మీరు పైది నొక్కినారు."

"నువ్వు అరియా అన్నావు!"

"నాను అబీసన్నాను."

"అరియా అన్నావు. నా సెవుల్తో ఇన్నాను. నాను దించానంటే నువ్వు దించమనే అన్నావు!"

దించాను అన్నాను. ఫోను బొత్తాం దించేదేమిటి? నా మాట నాకే వినపడింది. పదహారేళ్ళ కింద విచారణ బల్ల ముందు నిలబడి, ఇదే గొంతుతో, ఇదే ధీమాతో చెప్పిన మాట అది. గౌరీశ్వరి నా మొహం చూసి, వెళ్ళి కాగితం, పెన్ను తెచ్చుకుంది.

మళ్ళీ చేశాం. కళ్ళు మూసుకుని ఇరవైసార్లు, చూస్తూ ఇంకో ఇరవైసార్లు పిలిపించుకున్నాను. ఆవిడ ఏ మాట అన్నదీ ఒక కాగితం మీద రాసింది. కళ్ళు మూసుకుని నొక్కినవాటిలో పధ్నాలుగు తప్పు. చూసి నొక్కినవి ఒక్కటీ తప్పలేదు. తప్పిన ప్రతిసారీ నాకు సరిగా నొక్కాననే అనిపించింది, ఆవిడే తప్పు పిలిచిందనిపించింది. కాగితం లేకపోతే ఆ రాత్రి కూడా నేనే నెగ్గేవాణ్ణి.

కారణం తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను మొదట పంతొమ్మిదేళ్ళు నడిపిన పాత క్రేన్లో మీట ముందుకి తోస్తే లేచేది. కొత్తదాంట్లో ముందుకి తోస్తే దిగేది. ప్రమాదం జరిగింది కొత్తదాని మీద మూడో వారం. ఆ తర్వాత భయంతో ప్రతిసారీ మీటవంక చూసి మరీ నడిపాను, అందుకే మళ్ళీ తప్పు జరగలేదు. రిటైరయ్యాక భయం పోయింది, చూసి నొక్కే అలవాటూ పోయింది. చెయ్యి పాత క్రేన్ దగ్గరికి వెళ్ళిపోయింది. అబీసు అని వింటే వేలు ముందుకే పోతుంది.

ఆ రోజు శ్రీరామ్మూర్తి చెయ్యి పైకి చూపించాడు, నేను ముందుకి తోశాను, చుట్ట దిగింది. నా చెయ్యి దించింది కాబట్టి అతను దించమనే చెప్పి ఉంటాడని నా బుర్ర నాకు సర్దిచెప్పింది. నేను దాన్ని నమ్మి, రేవు చేత నమ్మించాను. దీన్ని అబద్ధం అనరేమో. అబద్ధమైతే కనీసం ఎప్పుడో ఒకరోజు గుచ్చుకునేది.

మర్నాడు ఉదయం దీవి చివరి అరగంట. నేను నాలుగున్నరకే లేచి తయారై మొదటి బస్సు పట్టుకున్నాను. గౌరీశ్వరి, "ఆ అరగంటా ఇనేసి ఎల్లకూడదేటండీ?" అంది. వినొచ్చు. బొత్తాం చూసి నొక్కితే ఆ గొంతు నిండుగా వచ్చేది కూడా. కానీ విన్నాక, అందిన సంతోషంలో, వెళ్ళడం రేపటికి వాయిదా వేస్తానని నాకు తెలుసు. నా సంగతి నాకు తెలిసి ఒక్కరోజే అయినా, బాగానే తెలిసింది.

ఆనందపురం జంక్షన్లో దిగి ఆటో ఎక్కేటప్పటికి ఆరూ పది. ఆరూ నలభైకి పొలంలో ఉన్నాను. శ్రీరామ్మూర్తి షెడ్డు ముందు గొంతుక్కూర్చుని డబ్బా మూత విప్పుతున్నాడు. చొక్కా తీసి మేకుకి తగిలించాడు.

"నువ్వొచ్చావేటి బావ?" అన్నాడు, కంగారుగా. "ఇయాలే ఆకరి రోజన్నావు గదా. నిన్న సాయంత్రం ఏటీ ఇనపడ్నేదని గౌరీశ్వరి సెల్లి సెప్పింది. నా వల్లే అయ్యుంతాదని మల్లీ యిప్పుతన్నాను."

"వొగ్గేయ్ బావ. డబ్బా బాగానే ఉంది. నువ్వు బిగించిందీ బాగానే ఉంది, నాలుగు సార్లూ. తప్పు నా యేలుది."

చిట్టా సంగతి, గౌరీశ్వరి పిలవడం, పాత మీట, కొత్త మీట అన్నీ చెప్పాను. అతను తలూపుతూ విన్నాడు, వైర్ల గురించి చెబితే ఎలా వింటాడో అలాగే. అసలు మాట ఇంకా నా నోట్లోనే ఉండిపోయింది. ముప్పై టన్నులు ఎత్తిన మనిషిని, ఆ ఒక్క మాట ఎత్తడానికి నాకు చెమట పట్టింది.

"ఇది డబ్బా సంగతి" అన్నాను. "సూరన్న కాలు పోయిన రోజు కూడా ఇంతే బావ. నువ్వు అబీసే అన్నావు. దించింది నాను."

శ్రీరామ్మూర్తి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. సంతోషిస్తాడనో, తిడతాడనో, కనీసం ఏడుస్తాడనో అనుకున్నాను. దేనికైనా సిద్ధపడే వచ్చాను. అతను గట్టువంక తిరిగాడు.

"సూరన్న సెప్పాడు" అన్నాడు.

"ఏటి?"

"ఆస్పత్రిలో ఉన్నప్పుడే సెప్పాడు. 'నీ సెయ్యి పైకే ఉంది, నాను సూసినాను, అబీసన్నావు, ఇన్నాను' అని. నాను ఇన్నేదు. నా మీద జాలితో అబద్దమాడతన్నావని తిట్టీసినాను. ఇంకోసారి ఆ ఊసెత్తితే నీ గుమ్మం తొక్కనన్నాను. ఆడు ఎత్తాడు. నాను తొక్కనేదు."

"ఎన్నాళ్ళయింది?"

"అప్పట్నుంచే. పదారేళ్ళు."

వాళ్ళిద్దరూ ఎంత జతగా ఉండేవాళ్ళో నాకు తెలుసు. ఒకే క్యారేజీలో తినేవాళ్ళు, సూరన్న ఇంటినుంచి చేపల పులుసు, ఇతని ఇంటినుంచి అన్నం.

"కాలు పోగొట్టుకున్నోడు, కళ్ళారా సూసానంటే ఎందుకు నమ్మనేదు బావ?" అన్నాను.

ఇదేం ప్రశ్న అన్నట్టు నావంక చూశాడు. "నువ్వు అరియా అన్నావు గదా" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను, అరవై మూడేళ్ళ వయసులో, వరిగట్టు మీద. అతను నన్ను ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు. లేచి, చేతులకంటిన మట్టి దులుపుకుని, మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకుంటూ, సూరన్న ఇప్పుడు కూడా పెదజాలారిపేటలోనే ఉంటున్నాడా అని అడిగాడు. ఉంటున్నాడన్నాను.

"నన్ను ఏటైనా అను బావ" అన్నాను. "నీ పదకొండేళ్ళ పని తినేశాను."

"నీకూ నాకూ తరవాత సూసుకుందాం" అన్నాడు శ్రీరామ్మూర్తి, అప్పటికే గట్టెక్కి నడుస్తూ. "పదారేళ్ళు ఆడ్ని అబద్దాలకోరనుకున్నాను. ముందు ఆడి గుమ్మం తొక్కాల."